కాఫీ లేని ఫ్లాస్కు

“పదకొండింటికి డోసు. మందు ఒక్క సీసానే ఉంది. ఫార్ములా మీద కన్నేసిన ముఠా దాన్ని కొట్టేసి నీళ్ల సీసా పెట్టబోతోంది. ట్రయల్ ఫెయిలైతే ఫార్ములా చవగ్గా కొనేస్తారు.”

తుడుపుకర్ర పిడిలోని రేడియోలో చీఫ్ గొంతు అది.

“మరి పాప?”

“వాళ్ల లెక్కలో పాప లేదు.”

ఏజెంటు ఒళ్లు మండిపోయింది. పది రోజులుగా ఆమె ఈ వార్డులో ఆయా. అందరూ ‘పిన్ని’ అంటారు.

“పిన్నీ, మూల తుడవలేదు. డాక్టర్ తిడతాడు!” మంచం మీద నుంచి అజమాయిషీ చేసింది పాప. ఎనిమిదేళ్లు. మెదడులో ట్యూమర్.

ఆ ట్యూమర్ అడెనోసిన్ అనే పదార్థం వదిలి ఒంట్లోని కాపలా కణాలను నిద్రపుచ్చుతుందట. ఆ కణాల మీద అది వచ్చి కూర్చునే చోటును, అంటే రిసెప్టర్‌ను, ఈ కొత్త మందు మూసేస్తుందని నర్సు చెప్పింది. కాఫీ, చాక్లెట్లలోని కెఫీన్‌దీ కొంత అదే పని. ఫలితాలు కలగాపులగం కాకూడదని పేషెంట్లకు కాఫీ, చాక్లెట్ బంద్. పిల్లలు చాక్లెట్ మానేస్తే తామెలా తాగుతామని సిబ్బంది కూడా వార్డులోకి కాఫీ తేవడం మానేశారు. ఏ బోర్డు మీదా లేని రూలు.

పది నలభైకి ‘నెమలి’ వచ్చింది. తెల్లకోటు, హైహీల్స్, ఘుమఘుమలాడే సెంటు. మందుకు కాపలాగా డిపార్ట్‌మెంటే పంపిన ఏజెంటు.

“తలనొప్పి తగ్గిందా?” కోడ్ అడిగింది పిన్ని.

“తగ్గితే నీకేం పోయింది?” జవాబు సరైనదే.

“చేతిలో ఏంటమ్మా?”

“ఫ్లాస్కు. కాఫీ లేందే ఏ డాక్టరు పనిచేస్తాడే?” నవ్వుతూ మందుల గదిలోకి వెళ్లింది.

ఈ వార్డులో అందరూ పనిచేస్తున్నారు. కాఫీ లేకుండానే.

పది యాభై అయిదు. నర్సు సూది పైకెత్తింది. నెమలి ఫ్లాస్కుతో గుమ్మం దాటబోతోంది.

“ఆపండి నర్సమ్మా!” పిన్ని కర్ర విసిరింది. నెమలి బోర్లా పడింది. ఫ్లాస్కు మూత ఊడి దొర్లింది. ఒక్క చుక్క కాఫీ ఒలకలేదు. దొంగ అడుగు తెరుచుకుని సీలు వేసిన సీసా బయటపడింది.

“పిచ్చిదానా, ఆ పిల్ల ఎలాగూ...”

చెంప ఛెళ్లుమంది.

“ఆ మాట పూర్తి చేశావో, పళ్లు రాలగొడతా! పసిదాని ప్రాణం అమ్ముకుని సెంటు పూసుకుంటావా? సిగ్గు లేదూ?”

నర్సు సీసా మీది నంబరు సరిచూసింది. సీలు చెక్కుచెదరలేదు. ఫ్లాస్కు కదా, మందు చల్లగానే ఉంది. సరిగ్గా పదకొండింటికి అసలు డోసు ఎక్కింది.

విరిగిన కర్రలోంచి చీఫ్ గొంతు: “పిన్నీ, జాగ్రత్త! నెమలి మీద అనుమానంగా ఉంది!”

“పిన్నీ, కర్ర మాట్లాడుతోంది!”

“పట్టించుకోకమ్మా. అదెప్పుడూ పనంతా అయ్యాకే మాట్లాడుతుంది.”