ఖాళీ గదిలో ఒక్క నిమిషం

పాత లాప్‌టాప్ గుడ్లు తేలేసిన సాయంత్రమే ఆమె వీధి చివరి కొట్టుకి పరిగెత్తింది. ఆ కొట్టాయన్ని అందరూ డాక్టరంటారు. చచ్చిన లాప్‌టాప్‌లని కొని, విప్పి, బాగుచేసి, లోపలున్నదంతా తుడిచి మళ్ళీ అమ్ముతాడు. చేతులెంత చురుకో నోరూ అంతే చురుకు.

“కళ్ళు మూసుకుని పట్టుకెళ్ళండక్కా. ఒక రోజు వాడి చూడండి. నచ్చితే ఉంచుకోండి. లేదా రేపు సాయంత్రం ఆరు లోపల తెచ్చిచ్చెయ్యండి, నేనేం అనుకోను.”

ఎవరో ఎక్కడో మాట్లాడుకున్న రికార్డింగులు విని, అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి పంపడం ఆమె పని. ఇల్లు గడిచేది దాని మీదే. ఇంట్లో ఇద్దరే, తనూ, తొమ్మిదో తరగతి చదివే కూతురూ. రెండు రోజులు పని ఆగితే ఆఫీసువాళ్ళు ఇంకొకరిని చూసుకుంటారు. కొత్తది కొనే తాహతు లేదు. ఒకరు వాడి వదిలేసింది కొనాలంటే గుండెల్లో గుబులు. తీసుకోవాలా, వద్దా? రాత్రంతా ఇదే ఆలోచన.

మర్నాడు మధ్యాహ్నం అతనిచ్చిన లాప్‌టాప్‌ని భోజనాల బల్ల మీద పెట్టుకుని ఒక్కొక్కటే పరీక్షించింది. తెర మీద మచ్చ లేదు. కీలు మెత్తగా ఉన్నాయి. బ్యాటరీ నిలబడుతోంది. వేడెక్కినప్పుడు మాత్రం సరిగ్గా ఆరని గుడ్డల వాసన వస్తోంది. పోనీలే, ఎవరింట్లో ఎక్కడ పడుందో అనుకుంది.

ఇక మైకు చూడాలి. కొత్త యంత్రం చేతికొస్తే ఖాళీ గదిని ఒక్క నిమిషం రికార్డు చేసి వినడం ఆమె పద్ధతి. యంత్రం తనంతట తాను ఎంత గోల పెడుతుందో అప్పుడు తెలిసిపోతుంది. ఫ్యాను ఆపింది. కిటికీలు మూసింది. రికార్డింగు నొక్కి, తన ఊపిరి కూడా అందులో పడకూడదని బయటికొచ్చి తలుపు దగ్గరికి లాగింది. బయట మబ్బు పట్టి పట్టపగలే దీపాలు పెట్టుకునేంత చీకటిగా ఉంది. నిమిషం అయ్యాక లోపలికొచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

సన్నటి హోరు. అంతే. మైకు బ్రహ్మాండంగా ఉంది. ఇక తీసేసుకుందాం అని కిందికి చూసింది.

వేళ్ళు కదులుతున్నాయి.

ఇన్నేళ్ళలో ఆమె చెవికీ వేళ్ళకీ మధ్య బుర్ర అడ్డు రావడం మానేసింది. మాట చెవిన పడగానే వేళ్ళు కొట్టేస్తాయి. అర్థం తర్వాత, చదువుకున్నప్పుడు తెలుస్తుంది. కానీ ఇప్పుడు మాటేదీ చెవిన పడలేదే! తెర మీద మాత్రం వరసగా...

*మొదటి గొంతు: ఈమె పనికొస్తుందా?*
*రెండో గొంతు: బాగా వాడేశారు. అరిగిపోయింది.*
*మొదటి గొంతు: ఇంట్లో ఇంకెవరు?*
*రెండో గొంతు: కూతురు. నాలుగున్నరకి వస్తుంది.*
*మొదటి గొంతు: తీసుకుందామా?*
*రెండో గొంతు: ముందు ఒకసారి చూద్దాం.*

ఆమె హెడ్‌ఫోన్లు లాగి పడేసి గడియారం చూసింది. నాలుగూ ఇరవై.

పిల్ల ఇంట్లోకి రాకూడదు... అదొక్కటే తోచింది. చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి గేటు దగ్గర నిలబడింది. స్కూలు పిల్లలు గుంపులుగా వెళ్ళిపోయారు. వాన మొదలైంది. నాలుగున్నర అయింది. నాలుగూ నలభై అయింది. కూతురి జాడ లేదు.

పైకి పరిగెత్తుకొచ్చేసరికి గుమ్మం బయట కూతురి బూట్లు ఉన్నాయి.

పిల్ల బల్ల ముందు కూర్చుని ఉంది. చెవులకి హెడ్‌ఫోన్లు.

“వెనక సందు మెట్ల మీంచి వచ్చానమ్మా, తడుస్తానని,” అంది గుసగుసగా. “ఇందులో ఏం వినపడటం లేదేంటి?”

ఆమె హెడ్‌ఫోన్లు ఊడలాగింది. గడ్డం పట్టుకుని మొహం ఇటూ అటూ తిప్పి చూసింది. పిల్ల మామూలుగానే ఉంది. కాస్త నిద్రమొహంలా ఉంది, అంతే.

“కదలకుండా ఇక్కడే ఉండు. ఇది ఇచ్చేసి వచ్చేస్తా.”

పిల్ల బుద్ధిగా తలూపింది.

డాక్టరు లాప్‌టాప్ మూత తెరిచి చూసి నొచ్చుకున్నాడు. “బంగారం లాంటి మెషీను! ఏం తక్కువైందక్కా?”

“నాకొద్దు తమ్ముడూ. నా కళ్ళ ముందే మొత్తం తుడిచెయ్యి. ఒక్క మాట కూడా అందులో మిగలకూడదు.”

“తుడవకుండా అమ్ముతానా నేను?” అంటూ అతను ఏవో కీలు నొక్కాడు. తెర మీద నీలం గీత ఒకటి మెల్లగా పాకడం మొదలెట్టింది. “అరగంట పడుతుంది. మీరెళ్ళండి.”

ఆ గీత సగం దాటేదాకా ఆమె అక్కడే నిలబడి చూసింది. అప్పటికిగాని ఊపిరి ఆడలేదు. పని పోతే పోయింది, పిల్ల దక్కింది అనుకుంటూ వానలోనే ఇంటికొచ్చింది.

గదిలో చప్పుడు. టక... టక టక... టక...

కూతురు ఖాళీ బల్ల ముందు కూర్చుని ఉంది. కళ్ళు గోడ మీద ఉన్నాయి. పది వేళ్ళూ బల్ల చెక్క మీద పరుగులు పెడుతున్నాయి. ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుని ఒంటి వేలితో కొట్టే పిల్ల అది!

ఆమె వెనగ్గా వచ్చి నిలబడింది. ఏ వేలు ఎక్కడ పడితే ఏ అక్షరమో ఆమెకి నిద్రలో కూడా తెలుసు. చదవకూడదనుకుంది. చదవకుండా ఉండలేకపోయింది.

*మూడో గొంతు: అమ్మా.*
*మూడో గొంతు: అమ్మా, నేను ఇంట్లో లేను. లాప్‌టాప్‌లో ఉన్నాను.*
*మూడో గొంతు: సగం పోయింది. తుడవద్దని చెప్పు...*

ఫోను తీసి డాక్టరుకి కొట్టింది. ఒకసారి మోగింది. రెండుసార్లు. ఐదుసార్లు. బల్ల మీద వేళ్ళు ఒక్కటే మాట కొడుతున్నాయి. అమ్మా... అమ్మా... అమ్మా...

“ఆపెయ్! ఆపెయ్ తమ్ముడూ, తుడవొద్దు!”

“అయ్యో, ఇప్పుడే అయిపోయిందక్కా,” అన్నాడు డాక్టరు ఉత్సాహంగా. “కొత్తదానిలా మెరిసిపోతోంది.”

వేళ్ళు ఆగిపోయాయి.

ఆమె ఫోను పక్కన పడేసి పిల్ల భుజం పట్టుకుంది. కూతురు మెల్లగా ఇటు తిరిగి నవ్వింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

“ఆకలేస్తోందమ్మా,” అంది. గొంతు కూతురిదే. ఇసుమంత తేడా లేదు.

ఆమె ఆ మొహం చూడలేక గోడ వైపు చూపు తిప్పుకుంది. అక్కడ దీపం వెలుగులో పిల్ల నీడ పడి ఉంది. ఆ నీడ చేతులు మాత్రం ఒళ్ళో లేవు. పది వేళ్ళూ ఆగకుండా ఏదో కొడుతూనే ఉన్నాయి.

నీడలో వేళ్ళు ఏ అక్షరం మీద పడుతున్నాయో ఆమెకి తెలియడం లేదు.