గ్లాసులో రెండో బ్రష్

వాష్‌బేసిన్ పక్కనున్న గ్లాసులో రెండు బ్రష్‌లు కనిపించేసరికి టైలరమ్మ గుండె గుభేలుమంది. ఆ ఇంట్లో ఉంటున్నది ఆమె ఒక్కతే.

ఒకటి ఆమెదే. వేళ్ళు బిగుసుకుపోయి సన్నటి పిడి పట్టు చిక్కక, దానికి గుడ్డపేలిక చుట్టుకుంది. రెండోది నీలం రంగుది, లావుపాటిది, మధ్యలో ఒక బటన్. నొక్కి చూసింది. తేనెటీగలా రొద చేస్తూ చేతిలోంచి జారబోయింది.

తలుపు గడియ సరిగ్గానే ఉంది. పోయిన వస్తువేమీ లేదు. ఏ దొంగా బ్రష్ వదిలిపెట్టి పోడు.

నిన్న ఇంట్లోకి వచ్చింది ఒక్కడే, గీజర్ బాగుచేసిన మెకానిక్. కింద ఆమె కుట్టుషాపు పక్కనే అతని మిక్సీల షాపు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. టైలరమ్మ భర్త పోయి కూడా అంతే. ఈ మధ్య మెకానిక్ పనికి పట్టే టైమ్ కంటే ఎక్కువసేపే ఉండిపోతున్నాడనీ, అమ్మ కూడా టీ మరీ నెమ్మదిగా కాస్తోందనీ కూతురు ఏడిపిస్తూనే ఉంది.

ఆ కూతురికే ఫోన్ చేసింది. అటువైపు కిసుక్కున నవ్వు.

“అయితే ఆయన బ్రష్ వచ్చేసిందన్నమాట. మనిషెప్పుడొస్తాడటమ్మా?”

“నోర్ముయ్యి.”

బ్రష్‌ని జాకెట్ ముక్కలో చుట్టుకుని టైలరమ్మ చరచరా మెట్లు దిగింది. ఆమె చేతిలో మూట చూడగానే మెకానిక్ స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు.

“ఇది మీరే పెట్టారా?”

“నేనేనండీ.”

“అడగక్కర్లేదా?”

“అడిగితే వద్దంటారని.”

“ఇప్పుడు ఒప్పుకుంటాననుకున్నారా మరి?”

“ఓ వారం అలవాటైతే మీరే వదలరనుకున్నాను.”

ఆమె మొహం జేవురించింది. “ఈ వయసులో నాకిదంతా అవసరమా?”

“ఈ వయసులోనే అవసరమండీ. మొదట్లో ఆ గుర్రు వినలేక కాస్త విసుగొస్తుంది. తర్వాత హాయిగా ఉంటుంది.”

“గుర్రు కూడానా?”

“రెండు నిమిషాలే.”

“చాలు. ఇకనుంచి గీజర్ చెడినా, ఇల్లే కూలినా మా గడప తొక్కకండి. బ్రష్ పెట్టుకోడానికి మీ ఇంట్లో గ్లాసు లేదా?”

మెకానిక్ తెల్లమొహం వేశాడు. “ఉందండీ. నా బ్రష్ అందులోనే ఉంది, మామూలుది. నా మణికట్టు బాగానే తిరుగుతోంది. నాకు ఎలక్ట్రిక్ బ్రష్ ఎందుకు?”

“మరి ఇదెవరిది?”

“మీది.”

టైలరమ్మ మూట వంక చూసుకుంది.

“పోయిన వారం వచ్చినప్పుడు మీ బ్రష్‌కి చుట్టిన పేలిక చూశాను,” అన్నాడతను. “పళ్ళ డాక్టర్ని అడిగాను. చెయ్యి బాగా ఆడితే మెత్తటి మామూలు బ్రష్ చాలన్నారు. వేళ్ళు మాట వినకపోతే ఇది నయమట. పిడి లావు, రుద్దే పని లేదు, పంటి మీద ఆనిస్తే చాలు. గట్టిగా నొక్కితే ఎర్రలైటు వెలుగుతుంది. డబ్బాతో ఇస్తే తిప్పి పంపిస్తారని, ఛార్జింగ్ పెట్టి నిన్న గ్లాసులో వేసి వచ్చాను.”

“నేను... మీదేమో అనుకున్నాను.”

“నాదైతే మీ గ్లాసులో ఎందుకు...” అంటూనే ఆగిపోయాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

“నయం. మీది కాదన్నమాట,” అంది టైలరమ్మ. ఆ గొంతులో నయమేమీ వినిపించలేదు. మెట్ల వైపు తిరిగింది.

“ఆగండి. గడప తొక్కొద్దన్నారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. మీరు పొరబడింది బ్రష్ విషయంలోనే, నా విషయంలో కాదు. నిన్న ఆ గ్లాసు ముందు చాలాసేపు నిలబడ్డాను. పెట్టాలనిపించింది నాదే. అంత ధైర్యం లేక మీది పెట్టి వచ్చేశాను.”