ఏడు రోజుల కొటేషన్

"ఈ స్టిక్కర్ మీదున్న ధర ఎవరికోసమండీ?"

ఆమె నాతో అన్న మొదటి మాట అది. నేను షోకేసు అద్దం తుడుస్తున్నాను. తల తిప్పకుండానే "అందరికోసమే మేడమ్" అన్నాను.

"మరి ఎదురు షాపులో ఇదే ల్యాప్‌టాప్ రెండు వేలు తక్కువెందుకు? అక్కడ కొనేవాళ్ళు అందరిలోకి రారా?"

అప్పుడు తిప్పాను తల. చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు, భుజాన డ్రాయింగులు చుట్టి పెట్టుకునే పొడుగాటి గొట్టం, చంకలో ఓ రూళ్ళ నోటుబుక్కు. మార్చి నెలలో వాన పడుతుందని ఆ రోజు ఊళ్ళో గొడుగు తెచ్చుకున్న మనిషి ఆమె ఒక్కతే అయ్యుంటుంది.

ఇప్పుడైతే ఫోన్ మీద వేలు ఆడిస్తే పది షాపుల ధరలు వరసగా వచ్చి నిలబడతాయి. అప్పట్లో చెప్పులు అరగాల్సిందే. ఆమె చెప్పులు బాగానే అరిగాయి. నోటుబుక్కులో ఏడు షాపుల పేర్లున్నాయి. ఒక్కో పేరుకి ఎదురుగా ధర, స్టూడెంట్ డిస్కౌంట్, బ్యాగు ఇస్తారా ఇవ్వరా అని గడులు గీసుంది. చివరి గడి మీద "అబద్ధాలు" అని రాసుంది.

"ఇదేంటండీ?"

"సేల్స్‌మన్ చెప్పిన అబద్ధాలు ఎన్నో లెక్క వేసుకుంటాను. మీది ఇప్పటికి ఒకటి."

"నేనేం అబద్ధం చెప్పాను?"

"అందరికోసమే అన్నారు. స్టూడెంట్‌కి ఎనిమిది శాతం తక్కువని మీ షాపు గుమ్మం మీదే రాసుంది."

నా వెనక కిసుక్కున నవ్వు వినిపించింది. మా సీనియర్. అందరం ఆయన్ని వారంటీ బాబాయ్ అనేవాళ్ళం. నోరు తెరిస్తే "నాదీ గ్యారంటీ" అనకుండా మూసేవాడు కాదు. "ఒరేయ్, నీకు తగ్గ కస్టమర్ దొరికిందిరా ఇవ్వాళ" అన్నాడు.

ఆ రోజు నేను నిజంగానే ఓ మంచి సలహా ఇచ్చాను. దేవుడి మీద ప్రమాణం చేసి చెప్తాను, ఆ మొదటిరోజు నా మనసులో ఏ కల్మషమూ లేదు.

"ఇప్పుడు కొనకండి. కొత్త విద్యా సంవత్సరం ఆఫర్ జూలై ఒకటిన మొదలవుతుంది. ఎనిమిది శాతం కాస్తా పద్దెనిమిది అవుతుంది. బ్యాగు, మౌసు ఫ్రీ. అన్నాళ్ళు ఆగగలరా?"

ఆమె అనుమానంగా చూసింది. అమ్మేవాడు కొనొద్దంటే ఎవరికైనా అనుమానమే. తర్వాత ఏడు షాపుల్లోనూ ఎవరూ చెప్పని మాట ఇదని అర్థమైనట్టుంది. గడిలో ఒకటి కొట్టేసి సున్నా పెట్టింది.

"ఈలోగా స్టాక్ అయిపోతే?"

"కొటేషన్ రాయించుకోండి. రాయించుకున్నవాళ్ళకి ఒక పీస్ పక్కన పెడతాం. కాకపోతే కొటేషన్ ఏడు రోజులే చెల్లుతుంది. వారం వారం వచ్చి కొత్తది రాయించుకోవాలి."

"సరే. శనివారాలు వస్తాను" అంది.

కొటేషన్ మీద స్టూడెంట్ కార్డు నెంబరు రాయాలి. ఆమె కార్డు ఇచ్చింది. ఫోటోలో ఆమె ఎవరితోనో పోట్లాడి వచ్చి కూర్చున్నట్టుంది. నాకు నవ్వొచ్చింది. ఆమెకి కోపమొచ్చింది. అలా మొదలైంది.

అప్పట్నుంచి మా షాపులో ఆమె పేరు కొటేషన్. శనివారం నాలుగయ్యేసరికి బాబాయ్ గడియారం వైపు చూసి, "మెట్ల మీద చప్పుడవుతోంది, కొటేషన్ వస్తోంది, జుట్టు దువ్వుకోరా" అనేవాడు. ఆమె నన్ను "సేల్స్‌గారూ" అని పిలిచేది. ఆ "గారూ"లో గౌరవం పావు వంతు, వెటకారం ముప్పావు వంతు.

అయిదు నిమిషాల పని. మేం గంట చేసేవాళ్ళం. ప్రాసెసర్ అంటే ఏమిటో ఆమె అడిగేది. ఓ భవనాన్ని గీసేముందు గాలి ఎటునుంచి వస్తుందో ఎందుకు చూస్తారో నేను అడిగేవాణ్ణి. ఆమెది ఇళ్ళ ప్లాన్లు గీసే చదువు, ఆఖరి ఏడు. కాలేజీ ల్యాబులో ఒక్కో కంప్యూటర్‌కి నలుగురట. ఈమె వంతు వచ్చేసరికి కరెంటు పోయేదట.

"సొంతది ఒకటుంటే చాలు సేల్స్‌గారూ, మీ షాపుకే పై అంతస్తు వేసిపెడతాను. ఈ ఇరుకు మెట్లు తీసేసి."

"మెట్లు తీసేస్తే మీరెలా ఎక్కుతారు?"

"కొన్నాక నాకు ఎక్కాల్సిన పనేముంది?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజమే కదా, కొన్నాక పనేముంది? ఆ రాత్రి నుంచి నా మంచి సలహాకి రెండో అర్థం పుట్టింది. జూలై ఎంత ఆలస్యంగా వస్తే అంత బాగుండుననిపించేది. ఇన్సెంటివ్ మీద బతికే సేల్స్‌మన్ ఎవడూ అలా కోరుకోడు.

మే చివర్లో ఆమె మెట్లన్నీ ఒక్క పరుగులో ఎక్కి వచ్చింది. "ఉద్యోగం!" అంది ఆయాసపడుతూ. ఓ చిన్న ఆఫీసు, అయిదుగురు మనుషులు. ఇళ్ళ డ్రాయింగులు గీయాలి. ఒకటే షరతు, ఎవరి కంప్యూటర్ వాళ్ళే తెచ్చుకోవాలి. జూలై పదిహేనున చేరాలి. తేలేకపోతే లిస్టులో రెండో పేరున్న అబ్బాయిని పిలుస్తారు.

"ఆఫర్ ఒకటో తారీకు కదా, పదిహేనుకి బోలెడు టైముంది" అన్నాను. బాబాయ్ కూడా "నాదీ గ్యారంటీ తల్లీ" అన్నాడు.

ఆమె వీధిలో పిల్లలకి ట్యూషన్లు చెప్పి దాచిందీ, వాళ్ళ నాన్న ఇచ్చిందీ కలిపితే పద్దెనిమిది శాతం తగ్గాక సరిగ్గా సరిపోతుంది. ఒక్క శాతం అటూ ఇటూ అయినా చాలదు. ఆ లెక్క నాకూ తెలుసు, ఇద్దరం కలిసే వేసుకున్నాం.

జూలై ఒకటి. షట్టర్ ఎత్తేసరికి గుమ్మంలో ఉంది. పొద్దున్నుంచీ వాన. ఈసారి గొడుగు మర్చిపోయింది. జడలోంచి నీళ్ళు కారుతుంటే నవ్వుతోంది.

"మొదటి బిల్లు నాదే!"

"మీదే" అంటూ మెషీన్ ముందు కూర్చున్నాను. పేరు, కార్డు నెంబరు చూడకుండానే కొట్టేశాను. తర్వాతి గడిలో, కార్డు ఎప్పటివరకు చెల్లుతుందని మెషీన్ అడిగింది. కార్డు వెనక్కి తిప్పాను.

జూన్ ముప్పై.

ఆఖరి ఏడు వాళ్ళ కార్డు జూన్‌తో సరి. ఈ సంగతి మా షాపులో కొత్తగా చేరినవాడికి రెండోరోజే చెప్తారు. చెప్పేది నేనే. ఏటా జూలైలో అలాంటివాళ్ళని పదిమందిని తిప్పి పంపేదీ నేనే.

"ఏమైంది?" అంది.

"నిన్నటితో అయిపోయింది."

ఆమె కార్డు తీసుకుని చూసుకుంది. ఏడు షాపులు గాలించిన మనిషి తన కార్డు వెనక ఏముందో ఒక్కసారీ చూసుకోలేదు. ఆ సంగతి ఆమెకీ తట్టినట్టుంది, మొహం ఎర్రబడింది. కోపం మాత్రం నా మీదికే వచ్చింది. రావాల్సింది నా మీదికే.

"వారం వారం ఇది చేతిలోకి తీసుకునేవారు. ఏం చూసేవారు సేల్స్‌గారూ?"

"నెంబరు..."

"నెంబరు మీకు కంఠతా వచ్చు. పోయిన శనివారం నేను ఇవ్వకముందే రాసేశారు."

నన్ను ఆదుకుందామనుకున్నాడో ఏమో, బాబాయ్ కల్పించుకున్నాడు. "వాడి తప్పేం లేదు తల్లీ. వెనక్కి తిప్పితే నీ ఫోటో కనిపించదు కదా! అసలు వీడు జూలై దాకా ఆగమన్నదే నీ శనివారాల కోసం, నాదీ గ్యారంటీ."

నేనెరిగినంతలో బాబాయ్ గ్యారంటీ అంత ఘోరంగా పేలింది అప్పుడే.

"ఓహో" అందామె మెల్లగా. "నా ఉద్యోగం మీకు టైంపాస్ అన్నమాట."

మెట్లు దిగి వానలోకి వెళ్ళిపోయింది. నేను వెంట పరిగెత్తాల్సింది. మెషీన్ ముందే కూర్చుండిపోయాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ పది నిమిషాలు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మేనేజర్ని అడిగాను, కుదరదన్నాడు. కంపెనీకి ఫోన్ చేశాను, ఇంకా మర్యాదగా కుదరదన్నారు. కొటేషన్ మీదున్న వాళ్ళింటి నెంబరుకి ఫోన్ చేశాను. ఆమే ఎత్తింది.

"తక్కువైంది నా జీతంలోంచి వేస్తానండీ. తప్పు నాది."

"మీ జాలి డిస్కౌంట్ నాకక్కర్లేదు" అని పెట్టేసింది.

శనివారం నాలుగయ్యింది. అయిదయ్యింది. మెట్ల మీద చప్పుడు లేదు. బాబాయ్ ఆ రోజంతా ఒక్క గ్యారంటీ ఇవ్వలేదు. లోపల పక్కన పెట్టిన ఆమె పెట్టెని నేను అమ్మకానికి బయట పెట్టలేదు. మేనేజర్ రెండుసార్లు అడిగితే, పెడతా పెడతా అన్నాను.

పన్నెండో తారీకు పొద్దున ఒకాయన వచ్చాడు. బస్సు కండక్టర్ యూనిఫాం, భుజాన తోలు సంచీ. వెనకాల, నా వైపు చూడకుండా గోడ మీది పోస్టర్ చదువుతూ ఆమె. వాళ్ళ నాన్న కండక్టరని నాకు తెలుసు.

ఆయన సంచీలోంచి ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా పెట్టుకున్న కార్డు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. చెయ్యి దాని మీదే ఉంచాడు.

"ఇది చెల్లుతుందేమో చూడు బాబూ."

దూరవిద్య. డిగ్రీ, చరిత్ర, రెండో సంవత్సరం. ఫోటోలో ఆయనే. ఈసారి ముందు వెనక్కి తిప్పాను. ఇంకా ఏడాదిన్నర ఉంది.

"చిన్నప్పుడు చదువు ఆగిపోయింది" అన్నాడు గొంతు తగ్గించి. "డిపోలో ఎవ్వరికీ తెలీదు. రోజుకి రెండొందల స్టూడెంట్ పాసులు చూస్తాను. డేటు దాటినవాణ్ణి దించేస్తాను. ఈ వయసులో నేనే స్టూడెంట్‌నంటే నవ్వరూ? అందుకే ఎక్కడా బయటికి తియ్యలేదు. రోజూ అన్ని పాసులు చూసేవాణ్ణి, ఇంట్లో పిల్ల కార్డు చూడలేదు. ఇవ్వాళ తియ్యక తప్పలేదు."

నేను లేచి నిలబడ్డాను. అలా ఎందుకు లేచానో నాకే తెలీదు.

"సార్, మా ఫారంలో వయసు గడి లేదు. మీకు పద్దెనిమిది శాతం వస్తుంది."

"బిల్లు నా పేరు మీదే రాయి. పగలు అమ్మాయిది, సాయంత్రం నాది. నేను రాయాల్సినవీ బోలెడున్నాయి."

రాశాను. రెండు ఫారాలు పాడుచేశాను. అప్పుడాయన ముందుకి వంగి, బస్సులో పాసు అడిగే గొంతుతో అడిగాడు. "ఇప్పుడు నిజం చెప్పు. మా అమ్మాయిని మూడు నెలలు ఎందుకు తిప్పావు?"

పోస్టర్ చదవడం ఆగిపోయింది. ఇప్పుడు తప్పించుకుంటే ఇక జన్మలో చెప్పలేననిపించింది.

"మొదటిరోజు చెప్పింది మంచి సలహానే సార్. తర్వాత మాత్రం... ఆవిడ కొనేస్తే మళ్ళీ రారని భయమేసింది. కార్డు వెనక్కి తిప్పకపోవడం నా తప్పు. ఆవిడంటే నాకిష్టం. టైంపాస్ మాత్రం కాదు."

ఆయన మీసం కింద చిన్న కదలిక.

"మే నెలలో స్టేషన్ దగ్గర షాపువాడు సరుకు ఖాళీ చేస్తూ దీన్నే ఇంతకన్నా తక్కువకి ఇస్తానన్నాడు. తీసుకుందాం పదమ్మా, డ్యూటీ మార్చుకుని వస్తానన్నాను. ఊహూఁ, వద్దంది. ఎందుకే అంటే, ఆ షాపుకి పైకి వెళ్ళడానికి మెట్లు లేవు నాన్నా అంది. ఇదేం పిచ్చి కారణమో నాకు ఇవ్వాళ ఈ మెట్లెక్కాక తెలిసింది."

"నాన్నా!"

అంత గట్టి కేక ఆ షాపులో ఎప్పుడూ వినలేదు. ఆమె రెండు చేతులతో మొహం కప్పేసుకుంది. వేళ్ళ సందుల్లోంచి కనిపించిన చెంపలు మళ్ళీ ఎర్రగా ఉన్నాయి. ఈసారి కోపంతో కాదు.

పెట్టె బల్ల మీదికి తెచ్చి తాడు కట్టాను. విప్పి మళ్ళీ కట్టాను. కడుతున్నంతసేపూ ఆమె ఎదురుగా ఉంటుంది కదా.

"ఇక మీకు ఇక్కడ పనేం లేదు" అన్నాను.

"లేదు" అంది. పెట్టె వైపు చూస్తూ, "దీన్ని మా ఇంట్లో పెట్టి, ప్రోగ్రాములన్నీ ఎక్కించేదెవరు? ఆదివారం మీరే రావాలి. మా నాన్నకి ఆన్ చేయడం కూడా రాదు" అంది.

"ఎందుకు రాదు?" గుమ్మం దగ్గరికి వెళ్ళిన ఆయన గిరుక్కున తిరిగాడు. "నాకు వచ్చు!"

"రాదు నాన్నా."

ఆయన కూతురి మొహంలోకి ఓ క్షణం చూశాడు. తర్వాత నా మొహంలోకి. భుజం మీద సంచీ సర్దుకున్నాడు.

"అవును బాబూ, రాదు. వచ్చి నేర్పు" అన్నాడు.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. మధ్యాహ్నం ఆమె లోపలికి వెళ్ళినప్పుడు ఆయన కీబోర్డు ముందు కూర్చుని, చరిత్ర వ్యాసం ఒక పేజీ కళ్ళు దించకుండా కొట్టేశాడు. టైపింగ్ ఏడాదిగా నేర్చుకుంటున్నాడట. నాకన్నా స్పీడు.