షికాగో రికార్డు

ఒడీల్‌తో నేను మొదటిసారి మాట్లాడింది వాళ్ళ నాన్న శవయాత్రలో. ఆమె ఎవరో అప్పటికి నాకు తెలియదు.

పంతొమ్మిది వందల యాభై నాలుగు ఆగస్టు. న్యూ ఆర్లియన్స్‌లో మా ట్రెమె పేట మొత్తం వీధిలోనే ఉంది. ట్రంపెట్ వాయించే ఆక్టేవ్ ట్రెపానియే పోయాడు మరి. ముందు బ్యాండు, వెనక శవపేటిక, ఆ వెనక జనం. ఎండకి తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది.

పగలంతా నేను రేవులో కాఫీ బస్తాలు మోసేవాణ్ణి. మిగిలిన నా బతుకంతా జాజ్ రికార్డులే. వాటి గురించి ఎవరూ అడక్కపోయినా అభిప్రాయం చెప్పడం నాకు అలవాటు. ఆ రోజు ట్రంపెట్ వాడి ముఖం టోపీ నీడలో ఉంది కానీ, వాడి వాయింపు నా చెవికి ఆనలేదు.

"వీడికి ఇంత తొందరేమిటి? మనిషిని మట్టిలో పెట్టడానికి తీసుకెళ్తున్నాడా, రైలెక్కించడానికా?" అన్నాను పక్కవాడితో. "ఆక్టేవ్ బతికుంటే వీడి చేతిలోంచి ట్రంపెట్ లాక్కునేవాడు."

బ్యాండు పక్కనే నడుస్తున్న నల్లగౌను అమ్మాయి ఆగి నావైపు తిరిగింది.

"మీకు సంగీతం బాగా తెలుసల్లే ఉందే."

"ఏదో, కొద్దిగా."

"పెట్టెలో ఉన్నది మా నాన్న. ఆ వాయిస్తున్నది మా అన్నయ్య. ఏడుపు ఆపుకుంటూ వాయిస్తున్నాడు. ఏడుపుకి తాళం ఎంత ఉండాలో చెప్పండి, వెళ్ళి వాడికి చెబుతాను."

పక్కవాడు నేనెవరో తెలియనట్టు అవతలికి జరిగాడు.

తర్వాతి సోమవారం క్షమాపణ చెప్పుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళాను. సోమవారం కాబట్టి, మా ఊరి అలవాటు ప్రకారం పేటలో ఇంటింటా ఎర్రచిక్కుడు గింజలు ఉడుకుతున్న వాసన. తలుపు తీసింది ఒడీలే.

"తాళం కొలవడానికొచ్చారా?"

"తిట్లు తినడానికొచ్చాను."

"అవి బోలెడున్నాయి. కూర్చోండి."

లోపల మంచం మీద వాళ్ళమ్మ లియోంటీన్ ఉంది. కడుపులో రాచపుండు. కోయడానికి లేదని, నొప్పికి మాత్రలు తప్ప ఇంకేం ఇవ్వలేమని చారిటీ ఆసుపత్రిలో తేల్చేశారు. ఆవిడ నన్ను తేరిపార చూసింది.

"శవం దగ్గర వాగింది నువ్వేనటగా, అబ్బాయ్?"

"నేనేనమ్మా."

"పోనీలే, నిజమే చెప్పావు. మా నూమా ఆ రోజు పరిగెత్తించాడు. ఒసే ఒడీల్, ఇతనికి అన్నం పెట్టు. గింజలు ఇంకాసిని వెయ్యి."

అన్న నూమాకి మాత్రం నేను గిట్టలేదు. కొరియా యుద్ధం నుంచి వచ్చి గోడలకి సున్నప్పూత పనిచేస్తున్నాడు. గోళ్ళలో సున్నం, కళ్ళలో కోపం. "నాలుగు రికార్డులు కొనుక్కున్న ప్రతివాడూ నాకు పాఠం చెప్పేవాడే" అని నా కంచం వైపు చూస్తూ అన్నాడు. "మా నాన్న షికాగోలో వాయించిన రికార్డు ఉందా నీ దగ్గర? లేదుగా? మరి నోరు మూసుకో."

ఆ రికార్డు గురించి పేటలో అందరికీ తెలుసు. ఎవరూ విన్నది లేదు. ఇరవై ఏడులో ఆక్టేవ్ షికాగో వెళ్ళాడు. మిడ్‌వే స్టాంపర్స్ అనే బ్యాండుతో ఒక బ్లూస్ పాట రికార్డు చేసి వచ్చాడు. కంపెనీ ఏడాదికే మూతపడింది. వాళ్ళింట్లో కూడా కాపీ లేదు. గంటలకొద్దీ వాయించిన మనిషి పోతే చేతిలో ఏమీ మిగల్లేదు.

గుమ్మం దగ్గర ఒడీల్ మెల్లగా అంది. "అమ్మ పోయేలోపు ఒక్కసారి వినిపించాలని ఉంది. మీకు నాలుగు షాపులు తెలుసుగా. వెతికిపెడతారా?"

అది పని అప్పగించడమో, మళ్ళీ రమ్మనడమో నాకు తేలలేదు. రెండూ అనుకుని బయటపడ్డాను.

ఆ శరత్కాలమంతా వెతుకులాటే. చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టుపని అయ్యాక ఒడీల్ కూడా వచ్చేది. పాత సామాన్ల కొట్లు, మంగలి షాపులు, చర్చి సంతలు. ట్రామ్‌లో నల్లవాళ్ళం కాబట్టి, తెల్లవాళ్ళ సీట్లకి హద్దుగా పెట్టిన అడ్డచెక్క వెనకే మా చోటు. ముందు సీట్లన్నీ ఖాళీగా ఉన్నా, వెనక ఇద్దరం కిక్కిరిసి నిలబడేవాళ్ళం. ఒకసారి కండక్టర్ ఆ చెక్కని ఇంకో వరుస వెనక్కి జరిపి, అప్పుడే కూర్చున్న ఒడీల్‌ని లేపేశాడు. దిగాక చాలాసేపు నడిచి, ఒడీల్ ఉన్నట్టుండి అంది.

"ఏదైనా చెప్పు. నీ అభిప్రాయాలేవైనా. నా కడుపు మండిపోతోంది."

మీరు పోయి నువ్వు అయింది ఆ రోజే.

"క్లారినెట్ వాళ్ళందరికీ ఒకే జబ్బు" అన్నాను. "నిశ్శబ్దం కనపడితే చాలు, పూడ్చేస్తారు. బొక్క చూసిన తాపీమేస్త్రీలా."

"డ్రమ్ములవాళ్ళు?"

"మంచి డ్రమ్మువాడు మనకి వినపడడు. వాడు ఆగినప్పుడు తెలుస్తుంది, ఇంతసేపూ మనల్ని మోసింది వాడేనని."

"పాడేవాళ్ళు?"

"సగంమంది తమ గొంతుని తామే ప్రేమించుకుంటారు. పాట పక్కన నిలబడి చూస్తూ ఉంటుంది, పాపం."

అప్పుడు వాన అందుకుంది. మా ఊరి వానకి ముందూ వెనకా ఉండదు. మూసేసిన ఒక చేపలకొట్టు చూరు కింద నిలబడ్డాం. చూరు చిన్నది. ఆమె భుజం నా భుజానికి తగులుతోంది. ఆమె జరగలేదు. నేను ఊపిరి కూడా జాగ్రత్తగా పీల్చుకున్నాను.

"మరి మా నాన్న?" అంది.

"మీ నాన్న ఆలస్యంగా వచ్చేవాడు. తాళం ముందు వెళ్ళిపోయేది. అయిపోయింది, మర్చిపోయాడు అనుకునేలోపు ఆ స్వరం వచ్చి పడేది. ట్రంపెట్ గొంతు కొంచెం బొంగురు. పైస్వరాల జోలికి వెళ్ళేవాడు కాదు. పిల్లాడిగా ఉన్నప్పటినుంచీ ఆయన ఊరేగింపు ఏదీ వదల్లేదు నేను."

ఆమె ముఖం తిప్పుకుంది. చెంప మీద ఉన్నది వానో కాదో నేను అడగలేదు.

రికార్డు డిసెంబరులో దొరికింది. నది అవతల ఆల్జీర్స్‌లో, రైల్వేలో పోర్టరుగా చేసి మానేసిన ముసలాయన దగ్గర. షికాగో నుంచి పెళ్ళానికని తెచ్చాడట. "ఆవిడ పోయాక గ్రామఫోన్ పెట్టె తెరవలేదు. తీసుకుపొండి. వింటే విందురు, నా ముందు మాత్రం పెట్టకండి" అన్నాడు. పడవలో వస్తున్నంతసేపూ ఒడీల్ దాన్ని కోటు లోపల పొత్తిళ్ళలో బిడ్డలా పట్టుకుంది. నది దాటేలోపు నా చెయ్యి కూడా పట్టుకుంది.

ఆదివారం మధ్యాహ్నం నా గ్రామఫోన్ మోసుకెళ్ళి లియోంటీన్ మంచం పక్కన పెట్టాను. ఆవిడ అప్పటికి బాగా చిక్కిపోయింది. నూమా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ముల్లు పెట్టాను.

గరగర. తర్వాత బ్యాండు. ఆపైన ట్రంపెట్.

మొదటి నాలుగు స్వరాలకే నాకు తెలిసిపోయింది.

అది ఆక్టేవ్ కాదు.

ఎవడో గానీ గట్టివాడు. సూది మొనలా తాళం మీదే దిగుతున్నాడు. పైపైకి వెళ్ళి, అక్కడ స్వరాన్ని వణికించి, నవ్వుతూ కిందికి దూకుతున్నాడు. వయసులో ఉన్న ఆక్టేవ్ ఏమో అని నాకు నేను సర్దిచెప్పుకోబోయాను. కుదరలేదు. వయసు మనిషి ఊపిరిని మారుస్తుంది. అతను ఎక్కడ ఆగుతాడన్నది మారదు.

లియోంటీన్ కళ్ళు మూసుకుని చిన్నగా నవ్వుతోంది. ఒడీల్ ఏడుస్తోంది. నూమా మొహం పాలిపోయింది.

రికార్డు ఆగింది. అందరూ నావైపే చూశారు. జాజ్ మీద అభిప్రాయం అడక్కుండానే చెప్పే మనిషిని కదా నేను.

"బాగుంది" అన్నాను.

"అంతేనా?" అంది ఒడీల్.

"చాలా బాగుంది."

"నేను జన్మలో ఇలా వాయించలేను" అని చెప్పి నూమా బయటికి వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత ఒడీల్ పనిలో ఉన్నప్పుడు లియోంటీన్ పక్కింటావిడతో నాకు కబురుపెట్టింది. వెళ్తే దగ్గరగా కూర్చోమంది.

"అది ఆయన కాదని నీకు తెలిసిపోయింది. అవునా?"

అవునన్నట్టు తలూపాను.

"షికాగో చలికి ఆయన పెదవి పగిలిపోయింది, నాయనా. రికార్డింగు రోజు గాలి తప్ప ఇంకేం రాలేదట. అక్కడే ఉన్న ఇంకో కుర్రాణ్ణి నిలబెట్టారు. ఇక్కడేమో స్టేషన్‌కి బ్యాండుతో సహా పేటంతా వెళ్ళింది ఎదురు. అంతమంది ముందు ఏం చెబుతాడు? ఆ రాత్రి నా ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చాడు. తర్వాత ఇంక ఆ మాట మేమిద్దరం ఎత్తలేదు."

"మరి రికార్డు వెతుకుతున్నామని తెలిసినప్పుడు..."

"దొరక్కూడదని మేరీమాతకి కొవ్వొత్తులు వెలిగించాను. నీ పట్టుదల ముందు ఆవిడ కూడా ఓడిపోయింది." నవ్వబోతే నొప్పి వచ్చి ఆగిపోయింది. కాసేపటికి నా మణికట్టు పట్టుకుంది. వేళ్ళు పుల్లల్లా ఉన్నాయి. "ఆ రోజు నీ నోరు చూస్తూ కూర్చున్నాను. తెరుస్తావని భయపడి చచ్చాను. తెరవలేదు. నా పిల్లని నీకిస్తున్నాను. నేనున్నంతవరకు ఎవరికీ చెప్పకు. తర్వాత మీ ఇష్టం."

జనవరిలో ఆవిడ పోయింది. ఆఖరి వారం మాత్రలు కూడా పనిచెయ్యలేదు. ఆ అరుపులు వీధి చివరికి వినపడేవి. ఆడవాళ్ళకి బ్యాండు వెళ్ళే ఆనవాయితీ లేదు కాబట్టి నిశ్శబ్దంగా తీసుకెళ్ళాం.

తర్వాత నూమా పనికి పోవడం మానేశాడు. బ్యాండువాళ్ళు వచ్చి పిలిస్తే తలుపు తియ్యలేదు. ఒకరోజు నేను వెళ్ళేసరికి, అక్కడే వదిలేసిన నా గ్రామఫోన్ మీద ఆ రికార్డు తిరుగుతోంది. ఎదురుగా కూర్చుని దానితోపాటు వాయిస్తున్నాడు. పైస్వరం అందడం లేదు. మళ్ళీ ముల్లు వెనక్కి. మళ్ళీ. పెదవి చీలి గడ్డం మీదికి రక్తం కారుతోంది.

"నూమా, చాలు, ఆపరా."

"ఇది మా నాన్న. నాకెందుకు రాదు? ఆయన రక్తమేగా నాది?" తెల్లవారుజామునుంచీ తాగుతున్నట్టున్నాడు. "రాదంటే నేను ఊపిరి పీల్చడం కూడా దండగే."

నాకు భయం వేసింది. నేరుగా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళి ఒడీల్ వచ్చేదాకా నిలబడ్డాను. నది గట్టుకి తీసుకెళ్ళి అంతా చెప్పాను.

"నాకు అనుమానం వచ్చింది. రికార్డు విని నువ్వు రెండే మాటలతో సరిపెట్టావంటే ఏదో ఉందని" అంది నీళ్ళవైపు చూస్తూ. తర్వాత నావైపు తిరిగింది. "ఒకటి అడుగుతాను. ఆ రికార్డులో ఉన్నవాడు నాన్నకంటే బాగా వాయించాడా?"

అబద్ధం నాలుక చివరే ఉంది. చాలా సులువైన అబద్ధం.

"అవును" అన్నాను. "ఆ పాట వరకు, మీ నాన్నకంటే బాగా వాయించాడు."

ఆమె లేచి నిలబడింది. వెళ్ళిపోతుందనుకున్నాను. కొంచెం దూరం నడిచి వెనక్కి చూసింది.

"అక్కడే కూర్చుంటావేం? రా. అన్నయ్యకి చెప్పాలి. వాడు కొడితే ముందు నువ్వు తిను, తర్వాత నేను చూసుకుంటాను."

నూమా కొట్టాడు కూడా. ఒడీల్ మాట పూర్తవకుండానే నా దవడ మీద ఒక్కటి వేశాడు. నేను కిందపడ్డాను. ఆమె మాత్రం ఆపకుండా చివరిదాకా చెప్పింది. పగిలిన పెదవి, స్టేషన్లో బ్యాండు, అమ్మ ఒడి. పెదవి సంగతి వచ్చేసరికి నూమా చెయ్యి దానంతటదే తన పెదవి మీదికి వెళ్ళింది. నేల మీద నా పక్కనే కూలబడ్డాడు.

"ఆయన కూడానా?" అన్నాడు. భుజాలు అదురుతున్నాయి. ఒడీల్ వెళ్ళి వాడి తలని పొట్టకి ఆనించుకుంది.

నూమా తలెత్తి నావైపు చూశాడు.

"నీకు మొదటిరోజే తెలుసా?"

"మొదటి నాలుగు స్వరాలకి."

"నోరు మూసుకుని కూర్చున్నావా? నువ్వా?"

"మీ అమ్మ నవ్వుతోంది మరి."

వాడు ముక్కు తుడుచుకున్నాడు. "నా చెల్లెల్ని చేసుకుంటావా?"

"మీ అమ్మ ఇచ్చేసింది. నువ్వు కూడా ఒప్పుకుంటే."

"దవడ నొప్పిగా ఉందా?"

"ఉంది."

"అయితే సరే, చేసుకో." గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. "ముందు ఒకటి చెప్పు. నేను యుద్ధంలో ఉన్న ఏళ్ళన్నీ నువ్వు ఆయన్ని విన్నావు. ఎలా వాయించేవాడు? పొగడొద్దు. ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాను. పైస్వరాలు ఆయనకి రావని చెప్పాను. తాగిన రోజు మధ్యలో పాట మర్చిపోయేవాడని చెప్పాను. ఒక ఊరేగింపులో వాన ముంచెత్తి బ్యాండంతా చెల్లాచెదరైతే, ఆయన మాత్రం నడివీధిలో నిలబడి మెల్లగా వాయిస్తూనే ఉన్నాడని, ఒక్కో స్వరం ఎంత ఆలస్యంగా వచ్చేదంటే చూరుల కింద నిలబడ్డవాళ్ళం దాని కోసం కాళ్ళ వేళ్ళ మీద లేచి ఎదురుచూసేవాళ్ళమని చెప్పాను.

"ఎంత ఆలస్యం?" అన్నాడు నూమా.

"మాటల్లో ఎలా చెప్పను?"

వాడు ట్రంపెట్ అందుకున్నాడు. పెదవి ఇంకా పచ్చిగానే ఉంది. ఒడీల్ వద్దనబోయి ఆగి, నా పక్కన నేల మీద కూర్చుంది. నేను మోకాలి మీద తాళం వేశాను. వాడు ఊదాడు.

"తొందరపడ్డావు" అన్నాను.

మళ్ళీ ఊదాడు.

"ఇంకా తొందరే."

ఒడీల్ నా చేతిని పట్టుకుని మోకాలి మీద తనే తాళం వెయ్యడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తాళం వెళ్ళిపోయింది. అయిపోయింది, మర్చిపోయాడు అనుకున్నాను.

అప్పుడు వచ్చింది.