నీలం సంచిలో ఊపిరి

గవ్రిల్ శవం వంటగదిలో పడి ఉంది. నోటి చుట్టూ రక్తం. కడుపులో పుండు చిట్లింది.

పోస్ట్‌మార్టమ్‌లో పుండు నిండా బాక్టీరియా కనిపించింది. నెల కిందటి బ్రెత్ టెస్ట్‌లో మాత్రం లేదని వచ్చింది. అది నమ్మి డాక్టర్ వాలెరియు వైద్యం ఆపాడు. మోకాళ్ల నొప్పుల మాత్రలు మాత్రం కొనసాగించాడు. అవే పుండుని రేపి కొంప ముంచాయి.

గవ్రిల్ కూతురు సవేటా డాక్టర్ మీద కేసు పెట్టింది. ఈ సాయంత్రం అతని అరెస్టు.

లాబ్‌లో ఆ టెస్ట్‌కి ఊదిన నీలం సంచి ఇంకా ఉబ్బే ఉంది. పోయినవాడి ఊపిరి అందులో ఉంది. ఇన్‌స్పెక్టర్ రుక్సాంద్రకు దాన్ని ముట్టుకోవాలంటే భయం వేసింది.

"ఈ టెస్ట్ ఎలా చేస్తారు డాక్టర్ గారూ?"

"మందు తాగకముందు నీలం సంచిలో ఊదాలి. తాగిన అరగంటకి ఎర్రదాంట్లో. బాక్టీరియా ఉంటే మందుని విడగొడుతుంది. అందులోని బరువైన కార్బన్ రెండో ఊపిరిలో పెరుగుతుంది."

"లేకపోతే?"

"రెండూ ఇంచుమించు సమానం."

"ఇక్కడ?"

డాక్టర్ తల దించుకున్నాడు. "నెగటివ్ అన్న మాట చూసి వదిలేశాను. అంకె ఇవాళే చూశా. రెండోది బాగా తగ్గింది."

"అరగంటలో అంత తగ్గుతుందా?"

"ఒకే మనిషికి తగ్గదు. ఈ కొండల్లో మొక్కజొన్న తింటారు, అందుకే వీళ్ల ఊపిరిలో ఆ కార్బన్ ఎక్కువ. గోధుమ తినేవాళ్లకి తక్కువ."

రుక్సాంద్ర సంచి తీసుకుని అతణ్ణి వెంటబెట్టుకు వెళ్లింది.

గవ్రిల్ ఇంట్లో ఆత్మశాంతి భోజనం జరుగుతోంది. అందరి పళ్లేల్లో మొక్కజొన్న ముద్ద. సవేటా ఒక్కతే రొట్టె తుంచుకుంటోంది.

"ముద్ద తినవా?"

"చిన్నప్పట్నుంచీ పడదు మేడమ్. దొరసానివే అని నాన్న ఏడిపించేవాడు."

"ఎర్ర సంచిలో ఊదింది నువ్వే కదా, సవేటా?"

రొట్టె ఆమె చేతిలోనే ఆగిపోయింది.

"సంచుల కిట్ ఇంటికే ఇచ్చారు. నాన్న ఒకసారి ఊది వణికిపోయాడు. ఊపిరి పట్టుకెళ్లేవాళ్లు ప్రాణమూ పట్టుకెళ్తారు, ఇంక ఇవ్వనన్నాడు. ఊపిరే కదా, ఎవరిదైతేనేం అని నేను ఊదా." రొట్టె పళ్లెంలో పెట్టేసింది. "అయితే నాన్నని నేనే చంపుకున్నానా?"

"ఆ అంకె చూసుంటే నేను మళ్లీ టెస్ట్ చేయించేవాణ్ణమ్మా," అన్నాడు డాక్టర్ గుమ్మంలోంచి. "చూడలేదు."



"కేసు వెనక్కి తీసుకుంటా," అంది సవేటా. "నాన్న పోయినప్పుడు ప్రాణం వెళ్లాలని కిటికీ తెరిచాం మేడమ్. అయినా వంటింట్లో ఆయన ఊపిరి వినిపిస్తూనే ఉంది."

ఆయన ఊపిరి ఉన్న నీలం సంచి సాక్ష్యం. ఇవ్వకూడదు. రుక్సాంద్ర తీసి ఆమె ఒళ్లో పెట్టింది.

సవేటా కిటికీ తెరిచి, సంచి మూత లాగింది.

"తీసుకో నాన్నా. నీదే."

సంచి చదునయ్యేదాకా ఆ గదిలో ఎవరూ ఊపిరి తీసుకోలేదు.