గట్లెందుకు?

"నా వ్యాసాన్ని గిట్ల ఖరాబు చేసిందెవరు?"

కంప్యూటర్ ల్యాబులో ఉన్నవాళ్లందరూ తలెత్తి చూశారు, శివకృష్ణ తప్ప. అతను కీబోర్డు మీద లేని దుమ్మును ఎంతో శ్రద్ధగా తుడుస్తున్నాడు. దాంతో నేరస్థుడెవరో రోజారమణికి తెలిసిపోయింది.

రామన్నపేట డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే అశోక్‌కుమార్ సారుకు ఏటా ఒక గొప్ప ఆలోచన వస్తుంది. పోయినేడు నక్షత్రశాల కడతానన్నాడు. అది స్టాఫ్‌రూం కప్పుకు అంటించిన రేడియం చుక్కల దగ్గర ఆగిపోయింది. ఈ ఏడు పల్లె బడుల పిల్లల కోసం తెలుగులో సైన్స్ వెబ్‌సైట్ పెడదామన్నాడు. వ్యాసాలు రాయడానికి ఫైనలియర్ ఫిజిక్స్ రోజారమణిని, సైటు కట్టడానికి ఫైనలియర్ కంప్యూటర్స్ శివకృష్ణను ఏరికోరి పట్టుకున్నాడు. ఇద్దరి మధ్య చక్కని సమన్వయం ఉంటుందని సారు నమ్మకం. ఆ సమన్వయమే ఇప్పుడు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"నేను ఏం రాసిన? 'యానకము మారినపుడు కాంతికిరణము పొందు వక్రీభవనము' అని రాసిన. నువ్వేం పెట్టినవ్?"

"'గిలాసల చెంచ ఎందుకు వంగింది?' అని పెట్టిన."

"అడగకుండ ఎట్ల మారుస్తవ్?"

"మా కేతేపల్లి బళ్లె పిల్లలు చదవాల్నా వద్దా? నువ్వు రాసింది చదివితే వాళ్లు గూడ వంగుతరు, చెంచ లెక్క."

ల్యాబంతా నవ్వింది. రోజారమణి నవ్వలేదు. కానీ వెళ్తూ వెళ్తూ స్క్రీను వైపు ఇంకోసారి చూసింది. శివకృష్ణ అది గమనించాడు. గమనించినట్టు కనిపించకుండా ఉండడానికి మళ్లీ దుమ్ము తుడిచాడు.

తగవు సారు దగ్గరికి పోయింది. ఇద్దరూ కూర్చుని ప్రతి వాక్యం కలిసి రాయాలని ఆయన తీర్పు చెప్పాడు. సైటుకు 'విజ్ఞాన సుధాలహరి' అని పేరు కూడా ప్రకటించాడు.

"సార్, గది టైపు చేసేలోపట బడి గంట కొడ్తరు," అన్నాడు శివకృష్ణ.

"గట్లెందుకు అంటవయ్యా?" అని సారు నొచ్చుకున్నాడు.

ఆ మాటకు రోజారమణి మొహం వెలిగింది. "సార్! గదే పెడుదాం. గట్లెందుకు? పిల్లలు రోజూ అడిగేది గదే కదా!"

అలా సారు నోటి నుంచి పొరపాటున వచ్చిన మాట సైటుకు పేరైంది. అది తన ఆలోచనేనని ఆయన తరువాత అందరికీ చెప్పుకున్నాడు.

* * *

వానాకాలం మొదలైంది. ల్యాబు కిటికీకి అద్దం లేదు. జల్లు కొట్టినప్పుడల్లా ఇద్దరూ కుర్చీలు జరుపుకోవాలి. ఒకవైపు వాన, ఇంకోవైపు గోడ కాబట్టి జరిగేది ఒకరి వైపు ఒకరే. ఆ ఏర్పాటు మీద శివకృష్ణకు ఏ ఫిర్యాదూ లేదు.

వ్యాసాలు బాగా వస్తున్నాయి. ఆమె సైన్స్ చూసుకునేది, అతను భాష చూసుకునేవాడు. 'మీ ప్రశ్న అడగండి' అని ఒక పెట్టె కూడా పెట్టాడు. లోటల్లా ఒక్కటే, ఆ పెట్టెలో ఎవరూ ఏమీ అడగడం లేదు. రోజారమణి పొద్దున రాగానే అదే తెరిచేది, ఖాళీ పెట్టెను చూసి చున్నీ కొస వేలికి చుట్టుకునేది.

"ఒక్కరు గూడ అడుగుతలేరు శివా. మనం రాసేది ఎవరన్న చదువుతుండ్రా అసలు?"

ఆ మొహం చూడలేక శివకృష్ణ ఆ సాయంత్రం హాస్టలు మెట్ల మీద కూర్చుని ఫోనులో ఒక ప్రశ్న రాశాడు. 'ఫ్యాను గాలి సల్లగ తగుల్తది. మరి రూముల ఉన్న థర్మామీటరు దిగదు. గట్లెందుకు? స్వర్ణ, తొమ్మిదో తరగతి, కేతేపల్లి.'

మర్నాడు ల్యాబులో రోజారమణి గంతులెయ్యడం ఒక్కటే తక్కువ. "చూడు! ఎంత తెలివైన పిల్లనో! థర్మామీటరు దిగదని గమనించింది!"

"అవునవును. మంచి తెలివి," అన్నాడు శివకృష్ణ వినయంగా.

ఆమె జవాబు రాసింది. గాలి మన చెమటను ఆరబెడుతుందనీ, ఆరే చెమట ఒంట్లో వేడిని తీసుకుపోతుందనీ, థర్మామీటరుకు చెమట పట్టదు కదా అనీ. చివర 'నీలాంటి పిల్లలే దేశానికి కావాలి స్వర్ణా' అని కూడా రాసింది. శివకృష్ణ అది చాలాసార్లు చదువుకున్నాడు.

తరువాత స్వర్ణకు సందేహాలు ఎక్కువయ్యాయి. భువనగిరి గుట్ట అంత నున్నగా ఎందుకుంటుంది? బోరునీళ్లు చలికాలం వెచ్చగా ఎందుకుంటాయి? రోజారమణి ప్రతిదానికీ పుస్తకాలు తిరగేసి, తెలియనివి సారును అడిగి, ప్రేమగా రాసేది. 'స్వర్ణ బంగారం' అని మొదలుపెట్టేది.

కొద్దిరోజులకు శివకృష్ణకు ఒక విచిత్రమైన జబ్బు పట్టుకుంది. స్వర్ణ మీద అసూయ. స్వర్ణను బంగారం అంటుంది, తనతో మాత్రం "అక్షరాలు చిన్నగున్నయ్, జర పెద్దగ చెయ్యి" అంటుంది. తనను తానే చూసి కుళ్లుకునే అదృష్టం ఎవరికి పడుతుంది!

ఈ మధ్యలో గుర్వయ్య అనే ఇంకో పాఠకుడు తగిలాడు. విశ్రాంత ఉద్యోగి, మోత్కూరు. ఆయన అడిగేది ఒక్కటే: 'ఇంతటి మహత్తర కృషి వెనుక ఉన్న ఆ అధ్యాపకుడు ఎవరు?'

* * *

పీకల మీదికి తెచ్చింది సారే. ఆగస్టులో 'గట్లెందుకు' పండుగ చేద్దామన్నాడు. జిల్లా అధికారులను పిలిచి, ఉత్తమ పృచ్ఛకురాలిగా స్వర్ణకు శాలువా కప్పుతాడట.

"చిన్నపిల్లకు శాలువ ఎందుకు సార్?" అని శివకృష్ణ నీరసంగా అన్నాడు.

"ప్రోత్సాహం! రేపు కేతేపల్లి బడికి ఫోన్ చేస్త."

సారు వెళ్లగానే రోజారమణి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఆ రోజు వాన కూడా లేదు.

"నీకొకటి చెప్పాలె. డిగ్రీ కాంగనే చదువు బంద్ చెయ్యమన్నడు మా నాయిన. మగ్గం మీద వచ్చేదెంత, హైదరాబాద్‌ల ఎమ్మెస్సీ ఎట్ల చదివిస్త అన్నడు. నేను స్వర్ణ ప్రశ్నలు, నా జవాబులు అన్ని చదివి వినిపించిన. మెత్తవడ్డడు. 'నీ మాట గంత దూరం పోతాంటే నేనెందుకు అడ్డం పడాలె' అన్నడు. పండుగకు వచ్చి ఆ పిల్లను చూస్తడట."

శివకృష్ణ ఆడిన అబద్ధం మీద ఆమె బతుకంతా కట్టుకుంటోంది. ఇంకొక్క రోజు ఆగితే సారు ఫోన్ చేస్తాడు. అప్పుడు అందరి ముందూ ఈమె నవ్వులపాలవుతుంది.

"రోజా... స్వర్ణ లేదు."

"ఏ ఊరికి పోయింది?"

"ఊరికి పోవుడు కాదు. అసలే లేదు. స్వర్ణ నేనే."

ఆమె ముందు నవ్వబోయింది. అతని మొహం చూసి ఆగింది.

"అన్ని ప్రశ్నలు?"

"అన్ని. నువ్వు ఖాళీ డబ్బ చూసి బాధపడ్తాంటే..."

"అంటే ఇన్ని దినాలు నేను గోడకు చెప్పుకున్న. పక్కపొంటి కూసోని నువ్వు నవ్వుకున్నవ్."

"నవ్వలే. ఒట్టు. నాకు నిజంగనే తెల్వదు థర్మామీటరు ఎందుకు దిగదో."

అది నిజం. కానీ నిజం చెప్పడానికి అతను ఎంచుకునే సమయం ఎప్పుడూ సరిగ్గా ఉండదు. రోజారమణి లేచి వెళ్లిపోయింది.

మర్నాడు ఆమె రాని ల్యాబులో శివకృష్ణ ఒక్క గంట కూడా నిలవలేకపోయాడు. నేరుగా స్టాఫ్‌రూంకు పోయి రేడియం చుక్కల కింద నిలబడి సారుకు అంతా ఒప్పుకున్నాడు. తిట్లకు సిద్ధపడే పోయాడు. సారు మాత్రం చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"అయితే గుర్వయ్య కూడా నువ్వేనని చెప్తవేమో?"

"కాదు సార్. గుర్వయ్య ఎవరో నాకు తెల్వదు."

సారు మళ్లీ కళ్లజోడు తుడిచాడు. ఈసారి చెవులు ఎర్రబడ్డాయి. శివకృష్ణకు అర్థమైంది. అర్థమైందని సారుకూ అర్థమైంది. పల్లె పిల్లల కోసం కట్టిన వెబ్‌సైటును ఇన్నాళ్లూ కట్టినవాళ్లే చదువుకున్నారు.

"ఇద్దరం దొంగలమే," అన్నాడు సారు చివరికి. "శాలువ సంగతి ఇడిసిపెట్టు. పిల్లలు మన కాడికి రాకుంటే మనమే పోదాం. మీ బడికే. రోజాను నేను పిలుస్త."

* * *

ఆమె వచ్చింది. సారు కోసం వచ్చింది. కారులో ముందు సీట్లో కూర్చుని కేతేపల్లి దాకా వెనక్కి తిరగలేదు.

బడిలో కరెంటు లేదు. తెచ్చిన ప్రొజెక్టరు బల్ల మీద ఊరికే కూర్చుంది. రోజారమణి నీళ్లున్న గిలాసలో చెంచా వేసి, "ఇది ఎందుకు వంగింది?" అని మొదలుపెట్టింది. అంతే, పిల్లలు మీద పడ్డారు.

"అక్కా, చీకట్ల మేక కండ్లెందుకు మెరుస్తయి?"

"చలికాలం మాట్లాడితే నోట్లకెళ్లి పొగెందుకొస్తది?"

"అక్కా, వాన రాకముందే మా గొర్లన్ని ఒక్కకాడికి వస్తయి. గట్లెందుకు?"

చివరిదానికి రోజారమణి ఆలోచించింది. పుస్తకంలో చదివిన గుర్తు లేదు. సారు ఆకాశం వైపు చూశాడు.

"నాకు తెల్వదు," అంది ఆమె. "కనుక్కుంట. మళ్లొచ్చి చెప్త."

"మళ్లొస్తవా?" అని పిల్లలు అడిగారు.

"వస్త."

గోడకు ఆనుకుని నిలబడ్డ శివకృష్ణ ఆమె మొహం చూశాడు. స్వర్ణకు జవాబు రాసినప్పుడు కూడా అది ఇంత వెలగలేదు. తను ఎంత కష్టపడి ఎంత చిన్న ప్రశ్నలు కనిపెట్టాడో అతనికి అప్పుడు తెలిసింది.

తిరుగు దారిలో ఆమె వెనక సీట్లో కూర్చుంది. నకిరేకల్ దాటాక అతని వైపు తిరిగింది.

"మా ఇంటికి రావాలె నువ్వు."

"ఎందుకు?"

"స్వర్ణ లేదని మా నాయినకు చెప్పాలె. అబద్ధం మీద నేను ఎమ్మెస్సీ పోను. నువ్వే చెప్పు."

* * *

రోజారమణి తండ్రి మల్లేశం మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. శివకృష్ణకు మొదటి కష్టం గడపలోనే ఎదురైంది. ఆయన్ను ఏమని పిలవాలి? కాకా అంటే రోజారమణి చెల్లెలవుతుంది. మామా అంటే తన్నులు పడవచ్చు.

"సార్, నమస్తే," అన్నాడు.

జన్మలో తనను ఎవరూ సార్ అనలేదు కాబట్టి మల్లేశం వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"నాయిన, స్వర్ణ వచ్చింది," అంది రోజారమణి.

మల్లేశం పోగు తోసే నాడె ఆపి, మీసాలున్న స్వర్ణను పైకీ కిందికీ చూశాడు. శివకృష్ణ అంతా చెప్పాడు, ఏదీ దాచకుండా. తాము కురుమోళ్లమని, తండ్రి జానయ్య గొర్లు కాస్తాడని కూడా అడగకుండానే చెప్పాడు. అంత అవసరం లేదని రోజారమణి కళ్లతో సైగ చేసినా ఆగలేదు. పొయ్యి దగ్గర ఆమె తల్లి ఆండాళు గిన్నె మోత ఆపి వింటోంది.

"అయితే ప్రశ్నలు దొంగయి," అన్నాడు మల్లేశం.

"అవును సార్."

"జవాబులు?"

"జవాబులు నిజమే సార్. అన్ని ఆమె రాసినయే."

"మరి ఫికరేంది? నేను మెత్తవడ్డది జవాబులకు. దాన్ని చదువుకోనియ్యి." ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఇయ్యాల బళ్లె ఏమైంది?"

రోజారమణి చెప్పింది. మేక కళ్లు, నోటి పొగ, గొర్లు, తనకు తెలియదని ఒప్పుకోవడం, పిల్లలు మళ్లీ రమ్మనడం. చెబుతూ చెబుతూ ఏడ్చింది, నవ్వింది. మల్లేశం వింటూ తలవంచుకుని తెగిన పోగు అతికాడు.

ఆండాళు కంచం తెచ్చి శివకృష్ణ ముందు పెట్టింది. "పొద్దటి సంది ఏం తిన్నడో ఏమో. తిను పిలగా."

"వద్దండి సార్... అంటే, వద్దమ్మా..."

మల్లేశం విసుక్కున్నాడు. "ఏంది సార్ సార్ అంటవ్? ఈ ఇంట్ల సార్ ఎవడున్నడు? మామా అను, చాలు."

శివకృష్ణకు అప్పుడే నోట్లో పెట్టుకున్న ముద్ద గొంతులో అడ్డం పడింది. ఆండాళు నీళ్లు ఇచ్చింది. రోజారమణి అటు తిరిగి నిలబడింది.

తిన్న తరువాత ఆమె బజారు మలుపు దాకా సాగనంపడానికి వచ్చింది. సన్నగా తుంపర పడుతోంది. ఇద్దరి దగ్గరా గొడుగు లేదు, ఇద్దరికీ తొందరా లేదు.

"మా నాయిన ఊరందరితోటి మామా అనిపించుకుంటడు," అంది రోజారమణి. "పాలాయన గూడ మామా అనే అంటడు. నువ్వు ఎక్కువ ఊహించుకోకు."

"నేనేం ఊహించుకోలే."

ఇంకో నాలుగడుగులు నడిచారు. మలుపు వచ్చింది. ఆమె ఆగి, చున్నీ తలమీదికి లాక్కుని, నేల వైపు చూస్తూ అంది:

"ఊహించుకోకుంటే గూడ ఎట్ల? జర ఊహించుకో."