అవ్వ ఉట్టిలో దాచిన మందు

గంధవతీ రాజ్యాన్ని నీలిజ్వరం పట్టి పీడిస్తున్న కాలమది. అంతకుముందు ఆ జ్వరం వస్తే రాజవైద్యుడు రోజుకొకటి చొప్పున ఏడు గుక్కల స్వర్ణరసం ఇచ్చేవాడు. జ్వరం తోక ముడిచేది. ఈ ఏడాది మాత్రం ఎంత రసం పోసినా దిగడం లేదు. కొత్త మందు తెచ్చినవారికి కోరిన పదవి ఇస్తానని రాజు చాటింపు వేయించాడు.

తేనె పిండుకుని బతికే కేతకికి పదవుల ధ్యాస లేదు. ఆమెను పెంచిన అవ్వ మంచం పట్టింది. ఆ ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. అవ్వను పక్కింటివాళ్లకు అప్పగించి, తేనెబుర్ర భుజాన వేసుకుని, జ్వరపిశాచాలకు మందు తగలకుండా కవచాలు చేసేవాడని అందరూ చెప్పుకునే కవచాసురుణ్ణి వెతుక్కుంటూ బయలుదేరింది.

అడవి దాటితే లోయ. అక్కడ రెండు తలల గండభేరుండం మూలుగుతోంది. త్వరగా బలుస్తుందని కాపరులు రోజూ మేతలో స్వర్ణరసం కలిపి పెట్టారట. ఇప్పుడు రెక్క కింది పుండుకు ఆ రసమే పనిచేయడం లేదు. కేతకి పుండు కడిగి, తేనె పూసి, మూడు రోజులు దగ్గరే ఉంది. పుండు ఆరింది.

"ఎక్కు పిల్లా, ఆ రెండోది వద్దనేలోపు," అంది మొదటి తల.

"నేనెందుకు వద్దంటాను? తేనె మిగిలిందేమో అడుగుదామనుకున్నా," అంది రెండోది.

పక్షి దింపిన కొండగుహలో తాటిచెట్టంత అసురుడు కునుకు తీస్తున్నాడు. కేతకి తేనెకత్తి దూసి, కవచాలు చేయడం ఆపమంది. అతను ఆవులించి, ఖాళీ చేతులు చూపించి, ఆమెను ఒక స్ఫటికం ముందు కూర్చోబెట్టాడు. అందులో అవ్వ ఒంట్లోని పిశాచాలు కనిపించాయి, ఆవగింజలో వెయ్యోవంతు.

"వెయ్యింటిలో ఒకదానికి పుట్టుకతోనే తోలు మందం," అన్నాడు అసురుడు. "ఏడు గుక్కలూ పడితే అదీ చస్తుంది. మూడో గుక్కకే ఆపారనుకో, అదొక్కటే మిగిలి పిల్లల్ని పెడుతుంది. పిల్లలకూ అదే తోలు. పైగా పక్కవాటికీ ఆ తోలు అల్లిక నేర్పుతుంది. కవచాలు చేసింది నేను కాదమ్మా."

స్ఫటికంలో ఇంటి ఉట్టి కనిపించింది. పచ్చడిజాడీ వెనుక చిన్న ముంత, అందులో పోయినేటి జ్వరానికి అవ్వ తాగకుండా మిగిల్చిన నాలుగు గుక్కలు. కేతకి చేతిలోని కత్తి జారిపడింది.

అసురుడు పది గుక్కల నల్లకలువ రసమూ, కోనేట్లో నాటమని ఆ కలువ దుంపా ఇచ్చాడు. "నా దగ్గరున్న ఆఖరి రకం మందు ఇదే. దీన్నీ సగంలో ఆపితే మళ్లీ రాకు. ఇవ్వడానికి ఏమీ ఉండదు."

ఇంటికి తెచ్చి పోస్తే, నాలుగో గుక్కకే అవ్వ లేచి పప్పు వండింది. ఆరో రోజు కేతకి తేనె పిండి వచ్చేసరికి అవ్వ పీట ఎక్కి, మందు ముంతను ఉట్టిలోకి నెడుతోంది.

"నాకు తగ్గిందిగా తల్లీ. రేపు నీకొస్తే? పోయినేడూ నీకోసమే దాచా."

కేతకికి కోపం రాబోయి ఏడుపొచ్చింది. అవ్వను నడుం పట్టుకుని దించింది.

"నాకోసం దాచకవ్వా. నాకోసం తాగు."

అవ్వ ఆమె ముఖంలోకి చూసి గుక్క వేసింది. పదో రోజున ముంత బోర్లించి చూపించింది. చుక్క రాలలేదు.

దుంప చిగిర్చి కోనేరంతా నల్లకలువలు పూశాయి. కోరిన పదవి ఇస్తానన్న రాజును కేతకి మందులకొట్టు తాళాలు అడిగింది. ఆమె పంపిన మనుషులు చివరి గుక్క తాగించేదాకా ప్రతి గడపలో నిలబడ్డారు. మేతలో మందు కలపడం ఆగింది. మరుసటి వానలకు నీలిజ్వరం రాజ్యం విడిచిపోయింది.

అవ్వ ఉట్టిలో ఇప్పుడు తేనె ఉంటోంది. దానికోసం రెండు తలలు రోజూ కిటికీ దగ్గర పోట్లాడుకుంటాయి.